ఆదివారం కలలు గీసిన చెయ్యి

నెమో ప్రతి ఆదివారం మంచం మీది నుంచి కింద పడేవాడు.

1905 అక్టోబరు 15న న్యూయార్క్ హెరాల్డ్ పత్రికలో మొదటిసారి పడ్డాడు. నిద్రాలోకపు రాజు మార్ఫియస్ తన కూతురికి ఆటల తోడు కావాలని ఆ పిల్లవాడి కోసం ఒక గుర్రాన్ని పంపించాడు. పడుకున్న బట్టలతోనే నెమో గుర్రమెక్కాడు. చుక్కల నడుమ పరుగు తీస్తూ పట్టు తప్పి జారాడు. ఆఖరి గడిలో చూస్తే తన గదిలో నేల మీద ఉన్నాడు, కల చెదిరిపోయింది. మరుసటి వారం మళ్లీ పేజీ నిండా రంగుల కల, మళ్లీ పడటం. రాజకుమారి దగ్గరికి చేరడానికే అతనికి నెలలు పట్టింది. 1908 జూలైలో ఒక ఆదివారం మంచానికే కాళ్లు పెరిగాయి. అది నెమోను ఎక్కించుకుని ఊళ్లోని మేడల మీదుగా నడిచిపోయింది. అంత ఎత్తు నుంచి పడినా ఆఖరి గడిలో ఇల్లుండేది, పిలిస్తే పలికే అమ్మా నాన్నా ఉండేవాళ్లు.

నెమోకు నమూనా, గీసినాయన కొడుకే. పేరు రాబర్ట్. నెమో పుట్టేనాటికి రాబర్ట్‌కు తొమ్మిదేళ్లు. గీసినాయన విన్సర్ మెకే. నేను చెప్పబోయేది ఆ తండ్రి పడిపోయిన కథ, ఆయన తర్వాత ఆ కొడుకు పడిపోయిన కథ. వాళ్లిద్దరినీ తట్టి లేపినవాళ్లు లేరు.

ఎక్కడో అమెరికాలో నూరేళ్ల కిందట జరిగిన ఈ కథను ఓర్వకల్లులో కూర్చుని రాయడానికి కారణముంది. మా మండలంలోనే కేతవరం గుట్టల్లో ఆదిమానవులు రాళ్ల మీద వేసిన బొమ్మలున్నాయి. మా రాతివనంలో 2013లో బాహుబలి చిత్రీకరణ మొదలైంది. రాతి మీద నిలిచిపోయిన ఆ బొమ్మకూ, కంప్యూటర్లు పరుగెత్తించే ఈ బొమ్మకూ మధ్య ఈ సీమ పల్లెల్లో బొమ్మను కదిలించి చూపినవాళ్లు తోలుబొమ్మలాటోళ్లు. వాళ్ల కథ తెలిసిన మనిషికి మెకే కథ పరాయిది కాదు. ఒకటి చదువుతుంటే రెండోది పక్కన వచ్చి కూర్చుంటుంది. అందుకే రెండూ కలిపి చెబుతున్నాను.

మెకే మిషిగన్ రాష్ట్రంలో పెరిగాడు. కొడుకు వ్యాపారం నేర్చుకోవాలని తండ్రి ఒక కాలేజీకి పంపాడు. కొడుకు ఆ క్లాసులు ఎగ్గొట్టి డెట్రాయిట్‌కు పోయి, వింతలు చూపించే ఒక ప్రదర్శనశాలలో వచ్చిపోయేవాళ్ల ముఖాలు గీసి డబ్బు సంపాదించేవాడు. జాన్ గుడిసన్ అనే ఉపాధ్యాయుడు దూరం, దగ్గర, ఎత్తు, లోతు కాగితం మీద ఎట్లా పట్టాలో ఆయనకు నేర్పాడు. తర్వాత సిన్సినాటిలో ప్రదర్శనశాలలకు పోస్టర్లు వేశాడు. 1903లో న్యూయార్క్ హెరాల్డ్‌లో చేరాడు. ఆయన చెయ్యి ఎంత వేగమంటే 1906లో రంగస్థలం ఎక్కి జనం ఎదుటనే గీయడం మొదలుపెట్టాడు. ఒక ఆడ శిశువునూ ఒక మగ శిశువునూ నల్లబల్ల మీద సుద్దతో గీసేవాడు. చెరుపుతూ, కలుపుతూ వాళ్లను పెంచేవాడు. పసితనం, యవ్వనం, నడివయసు, ముసలితనం. పావుగంటలో పాతిక బొమ్మలు, రెండు నిండు జీవితాలు. అప్పటికి ఆయనకు సినిమాతో సంబంధం లేదు. అయినా బొమ్మకు వయసు రప్పించడం అప్పుడే తెలిసింది.

ఒకరోజు రాబర్ట్ చిన్న చిన్న బొమ్మల పుస్తకాలు ఇంటికి తెచ్చాడు. బొటనవేలితో పేజీలు చరచరా వదిలితే బొమ్మ కదిలే పుస్తకాలు అవి. సినిమా ఆలోచన అక్కడే పుట్టిందని మెకే తర్వాత చెప్పుకున్నాడు. తన నెమోను కదిలించాలి. ముందు చేసినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో స్టూవర్ట్ బ్లాక్టన్, ఫ్రాన్సులో ఎమిల్ కోల్ అప్పటికే గీతల బొమ్మలను కదిలించారు. కానీ అవి పుల్లల మనుషులు, సుద్దముక్క ముఖాలు. ఒళ్లూ బరువూ ఉండి, గాలిలో మలుపు తిరిగే మనుషులను గీసి కదిలించాలన్న ఆశ మెకేది.

పల్చటి బియ్యపు కాగితం మీద నల్ల సిరాతో నాలుగు వేల బొమ్మలు గీశాడు. ఒక్కడే గీశాడు. పగలు పత్రిక పని, సాయంత్రం రంగస్థలం, మిగిలిన వేళ ఇది. ప్రతి కాగితం మూలల్లో కొలత గుర్తులు పెట్టుకున్నాడు, కింది బొమ్మ మీద పై బొమ్మ తప్పకుండా కుదరాలని. ప్రతి కాగితానికీ ఒక సంఖ్య. పిడి తిప్పి బొమ్మలు చూసే యంత్రంలో పెట్టి కదలిక సరిపోయిందో లేదో చూసుకున్నాడు. బ్రూక్లిన్‌లోని వైటాగ్రాఫ్ స్టూడియోలో ఆ కాగితాలను ఒక్కొక్కటిగా కెమెరా కింద పెట్టి ఫోటో తీశారు. ముందూ వెనకా మనుషులు నటించిన భాగానికి దర్శకుడు బ్లాక్టనే. అంతా అయ్యాక ఫిల్ముకు మెకే చేత్తో రంగులు వేయించాడు. చిటికెన గోరు కన్నా కొంచెం పెద్దదిగా ఉండే ఒక్కొక్క చట్రానికీ రంగు. 1911 ఏప్రిల్ 8న సినిమా విడుదలైంది. నాలుగు రోజుల తర్వాత తన రంగస్థల ప్రదర్శనలో కూడా చూపించాడు.

నటుల భాగం కలిపి సినిమా నిడివి పది నిమిషాలు. అందులో బొమ్మల ఆట నాలుగు నిమిషాలు దాటదు. స్నేహితులు నవ్వుతుంటే, బొమ్మలను కదిలించి చూపిస్తానని మెకే పందెం కడతాడు. ఆయన గదికి సిరా పీపాలు, కాగితాల కట్టలు దిగుతాయి. ఆ తర్వాత తెర ఖాళీ అవుతుంది. నెమో కలల్లో తోడుండే ఫ్లిప్, నోట్లో చుట్టతో కనిపిస్తాడు. అదే కలల్లోని ఇంపీ వస్తాడు. వాళ్ల వెనక చెట్టు లేదు, గోడ లేదు, నేల గీత కూడా లేదు. ఆ తెల్లటి శూన్యంలో ఇద్దరూ ఎగురుతారు, విడిపోతారు, మళ్లీ కూడుకుంటారు. కొన్ని గీతలు గాలిలో తేలుతూ వచ్చి దగ్గరై నెమో అవుతాయి. అతడు చెయ్యి ఆడిస్తే ఫ్లిప్, ఇంపీ సన్నగా సాగుతారు, పొట్టిగా అణిగిపోతారు. నెమో తనే కలం పట్టి రాజకుమారిని గీస్తాడు. ఆమెకు ప్రాణం వస్తుంది. పక్కన ఒక గులాబి మొక్క పెరిగి పువ్వు పూస్తుంది, సరిగ్గా ఇవ్వాల్సిన వేళకు. పెద్ద పచ్చటి డ్రాగన్ నోరు తెరుచుకుని వస్తుంది. ఆ నోట్లోనే సింహాసనం. పిల్లలిద్దరూ ఎక్కి కూర్చుని వెళ్లిపోతారు.

కథ అంటూ ఏమీ లేదు. కలకు కథ ఎందుకు? మిగతా కార్టూన్ల కన్నా ఈ నాలుగు నిమిషాలు గొప్పవని నేను నమ్మేది ఇందుకే. నవ్వించాలన్న తొందర లేదు, నీతి చెప్పాలన్న ఆత్రం లేదు. గీసిన బొమ్మ కదిలింది అన్న ఆనందమే ఆ సినిమా. ఒకే గీతను నాలుగు వేలసార్లు గీసిన చెయ్యి ఎంత నిలకడైనదైనా వెంట్రుకవాసి తేడా రాక తప్పదు. ఆ తేడాకు గీతలన్నీ సన్నగా వణుకుతాయి. ఆ వణుకులోనే బొమ్మకు ఊపిరి ఉన్నట్టుంటుంది.

సీమ పల్లెల్లో ఆ వణుకు దీపానిది. పంటలు ఇంటికి చేరిన రోజుల్లో, జాతర్లప్పుడు, గుడి ముందర నాలుగు గుంజలు పాతి, తెల్లపంచెలు కలిపి తెర కట్టి, వెనక ఆముదం దీపాలు వెలిగించేవాళ్లు. మేక, జింక, గొర్రె చర్మాలను పారదర్శకంగా వచ్చేదాకా గీకి, రంగులద్ది, ఉలితో వేల రంధ్రాలు కొట్టి చేసిన బొమ్మలు. కొన్ని మనిషంత ఎత్తు. మెడ, భుజం, మోచెయ్యి దగ్గర దారంతో కట్టిన కీళ్లు. వీపు వెంట వెదురు దబ్బ. బొమ్మను తెరకు అదిమితే రంగులు పదునుగా కనిపిస్తాయి, వెనక్కి లాగితే మసకబారి పెద్దదవుతుంది. లంక మీదికి ఎగిరే హనుమంతుడు ఒకడు, సీత ఎదుట ఒదిగి కూర్చునే హనుమంతుడు ఇంకొకడు. ఒకే పాత్రకు వేరువేరు భంగిమలకు వేరువేరు బొమ్మలు. మెకే నాలుగు వేల కాగితాల్లో చేసిన పనికి మూలసూత్రం ఆ పెట్టెలో ఎప్పటినుంచో ఉంది. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటల ప్రస్తావన చేశాడంటే ఎంత పాతదో చూడండి.

ఆడించేవాళ్లది ఇంట్లో మరాఠీ, తెర మీద తెలుగు. రంగనాథ రామాయణం ద్విపదలు వాళ్ల నాలుక మీద ఉండేవి. బొమ్మ ఆడించే మనిషే పాడతాడు, కాలికి గజ్జెలు కట్టుకుని కింద వేసిన చెక్కపలక మీద తొక్కి యుద్ధపు చప్పుడు చేస్తాడు. ఇంట్లో ఆడవాళ్లు సీతకూ మండోదరికీ గొంతునిస్తారు. మధ్యమధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి ఊరిని నవ్విస్తారు. వాన రాకపోతే విరాటపర్వం ఆడించేవాళ్లు, ఆడిస్తే వాన పడుతుందని నమ్మకం. కరువు సీమలో ఆ నమ్మకం బరువు ఎంతో ఇక్కడి రైతుకు చెప్పనక్కర్లేదు. పిల్లలు ముందు వరుసలో చాప మీద కూర్చుని, రావణుడి పది తలలు వచ్చేలోపే నిద్రపోయేవాళ్లు. సగం ఆట తెర మీద, మిగిలిన సగం కలలో. నెమో చూసిన నిద్రాలోకానికి మా ఊళ్లల్లో అదే దారి.

ఈ రెండు కళలూ పడిపోయాయి. వాటిని జనం ఛీకొట్టలేదు, ఆడించే చేతుల్లో నైపుణ్యం తగ్గలేదు. మెకే చేతిని ఒక యజమాని కొనేశాడు. బొమ్మలాటోళ్ల చేతిని అడిగేవాళ్లు లేకుండా పోయారు. ఫలితం ఒక్కటే.

సినిమా విడుదలైన ఏడాదే, 1911 వేసవిలో, మెకే హెరాల్డ్‌ను వదిలి విలియం ర్యాండాల్ఫ్ హర్స్ట్ పత్రికలకు వెళ్లాడు. హర్స్ట్ ఆ కాలపు అమెరికా పత్రికా సామ్రాజ్యానికి రాజు. జీతం పెద్దది. నెమో పేరు మాత్రం హెరాల్డ్ దగ్గరే ఉండిపోయింది. మెకే తన పిల్లవాడిని వేరే పేరున్న పేజీలో గీసుకోవాల్సి వచ్చింది. అక్కడి నుంచి జారుడు మొదలైంది, కానీ చాన్నాళ్లు అది జారుడులా కనిపించలేదు. 1912లో దోమ మీద ఒక చిత్రం తీశాడు. 1914లో గెర్టీ అనే డైనోసార్‌ను తెర మీదికి తెచ్చాడు. దానికి పదివేల బొమ్మలు. రంగస్థలం మీద కొరడా పట్టుకుని నిలబడి మెకే ఆజ్ఞలిచ్చేవాడు, తెర మీద గెర్టీ వినేది, అలిగేది, ఏడ్చేది. ఆఖర్లో మెకే తెర వెనక్కి వెళితే, అదే క్షణాన బొమ్మ మెకే తెర మీదికి వచ్చి గెర్టీ వీపెక్కి వెళ్లిపోయేవాడు. చూసిన జనానికి బొమ్మ ఏదో మనిషి ఎవరో తెలియని క్షణం అది.

ఆ వెలుగు హర్స్ట్‌కు నచ్చలేదు. నేను జీతమిచ్చే మనిషి ఊరూరా తిరిగి బొమ్మలాడించడమేమిటి అన్నది ఆయన లెక్క. మొదట న్యూయార్క్ దాటి ప్రదర్శనలివ్వొద్దన్నారు, తర్వాత అవీ తగ్గిపోయాయి. సంపాదకుడు ఆర్థర్ బ్రిస్బేన్ ఇక హాస్యపు బొమ్మలు మాని గంభీరమైన బొమ్మలు వేయమన్నాడు. 1914లో నెమో ఆగిపోయాడు. నిద్రాలోకపు మేడలు కట్టిన చెయ్యి బ్రిస్బేన్ సంపాదకీయాల పక్కన అచ్చయ్యే పెద్ద పెద్ద బొమ్మలకు కుదురుకుంది. దురాశ అనే రాక్షసుడు, కాలం అనే ముసలాయన, యుద్ధం అనే పిశాచం. గీత అద్భుతంగానే ఉండేది, కానీ ఆలోచన ఇంకొకరిది. దాదాపు ఇరవయ్యేళ్లు అదే పని. ఈ గాథలో నాకు అన్నిటికన్నా కష్టంగా తోచే సంగతి ఇది. ఆయన ఆకలితో చావలేదు, నిరుద్యోగిగా తిరగలేదు. మంచి ఇంట్లో, మంచి జీతంతో, రోజూ గీస్తూనే పడిపోయాడు.

ఇంకో దెబ్బ కూడా చెప్పాలి. గెర్టీ పని నడుస్తున్న రోజుల్లో జాన్ రాండాల్ఫ్ బ్రే అనే మనిషి విలేకరినని చెప్పి వచ్చాడు. మెకే దాచుకోకుండా అన్నీ చూపించాడు. కాగితాలు ఎట్లా కుదర్చాలి, ఒకసారి గీసిన బొమ్మల వరసను మళ్లీ ఎట్లా వాడుకోవాలి, అన్నీ. బ్రే వెళ్లి ఆ పద్ధతులకు పేటెంట్లు తీసుకున్నాడు. ఆపైన మెకే మీదే దావా వేశాడు. దావా ఓడింది, మెకేకు కొంత రాయల్టీ కూడా వచ్చింది. కానీ ఆ పద్ధతులతోనే బొమ్మల కర్మాగారాలు లేచాయి. ఒకడు తల గీస్తే ఇంకొకడు సిరా పూసే చోట్లు అవి. తను కనిపెట్టినదాన్ని మెకే ఏనాడూ తనదని దాచుకోలేదు. మన బొమ్మలాటోళ్లు తండ్రి నుంచి కొడుక్కే తప్ప బయటికి చెప్పేవాళ్లు కాదంటారు. అట్లా దాచుకున్నవాళ్లూ మిగల్లేదు, ఇట్లా పంచినవాడూ మిగల్లేదు.

1915 మే 7న జర్మన్ జలాంతర్గామి లూసిటేనియా ఓడను ముంచింది. దాదాపు 1,200 మంది చనిపోయారు. యుద్ధంలోకి అమెరికా దిగకూడదన్నది హర్స్ట్ పత్రికల వాదన, మెకే పగలంతా ఆ వాదనకు బొమ్మలు గీయాలి. రాత్రిపూట సొంత డబ్బుతో ఆ ఓడ మునక గీశాడు. దాదాపు 25,000 బొమ్మలు, రెండేళ్లకు కాస్త తక్కువ. 1918లో విడుదలైంది. అందులో నవ్వు లేదు. పొగ, కెరటం, ఓడ అంచు నుంచి చీమల్లా రాలే మనుషులు, ఆఖర్లో బిడ్డను నీటిపైకి ఎత్తిపట్టిన తల్లి. నెమో పడితే మంచం ఉండేది. వీళ్లకు అడుగున నీళ్లే. 1921 తర్వాత మెకే సినిమాలు ఆగిపోయాయి.

1924లో హర్స్ట్‌ను వదిలి పాత పత్రికకు తిరిగి వెళ్లాడు. హెరాల్డ్ అప్పటికి ట్రిబ్యూన్‌తో కలిసిపోయింది. నెమోను మళ్లీ మొదలుపెట్టాడు. గీత చెక్కుచెదరలేదు, చదివేవాళ్లు మారిపోయారు. రెండేళ్లకు ఆగిపోయింది. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నెమో హక్కులను పత్రిక ఒక్క డాలరుకు ఆయనకే రాసిచ్చింది. కొడుకు ముఖంతో పుట్టిన పిల్లవాడు ఇరవై ఏళ్లకు తండ్రి చేతికి తిరిగి వచ్చాడు, ఒక్క డాలరుకు. 1927లో మెకే మళ్లీ హర్స్ట్ గుమ్మం ఎక్కాడు.

ఆ ఏడాదే న్యూయార్క్‌లోని యానిమేటర్లు ఆయన గౌరవార్థం విందు చేశారు. తాగుడు, మాటలు, సందడి. ఆయన లేచి మాట్లాడుతుంటే చాలామంది వినలేదు. కళ అనుకుని తను మొదలుపెట్టినదాన్ని వాళ్లు వ్యాపారం చేశారని చెప్పి, వాళ్ల దురదృష్టమని ముగించి కూర్చున్నాడట. ఆ హాల్లో ఉన్నవాళ్లంతా ఆయన కనిపెట్టిన పద్ధతులతోనే అన్నం తింటున్నారు.

1934 జూలై 26. బ్రూక్లిన్‌లో ఇంటి దగ్గరే ఉన్నాడు. తలనొప్పి అని భార్య మాడ్‌తో చెప్పాడు. కాసేపటికి కుడి చెయ్యి కదలడం లేదని తెలుసుకున్నాడు. బొమ్మలు గీసే చెయ్యి. ఆ సంగతి అర్థం చేసుకునేంత తెలివి ఆయనకు మిగిలి ఉంది. నాకు ఆ కొద్ది నిమిషాలు తలుచుకోవడమే భయంగా ఉంటుంది. తర్వాత స్పృహ తప్పింది, ఆ రోజే పోయాడు. ఖర్చు మనిషి కావడంతో అంత సంపాదనా త్వరలోనే కరిగిపోయింది.

మెకే తను గీసిన ప్రతి కాగితాన్నీ పత్రికల నుంచి పట్టుబట్టి వెనక్కి తెచ్చుకునేవాడు. వేలకొద్దీ కాగితాలు ఇంట్లో పోగయ్యాయి. 1930ల చివర్లో ఒక అగ్నిప్రమాదంలో చాలా భాగం బూడిదైంది. మిగిలింది రాబర్ట్ చేతికి వచ్చింది.

రాబర్ట్ కూడా బొమ్మలు గీసేవాడు. తండ్రి చెయ్యి రాలేదు. 1937లో నెమోను మళ్లీ లేపాలని చూశాడు. తన పేరు పక్కన పెట్టి 'విన్సర్ మెకే జూనియర్' అని సంతకం చేశాడు. ఒక పుస్తకంలో నెమోనూ రాజకుమారినీ పెద్దవాళ్లను చేసి గీశాడు. ఏదీ నిలబడలేదు. 1947లో ఇర్వింగ్ మెండెల్సన్ అనే బట్టల వ్యాపారితో కలిసి ఇంకో ప్రయత్నం చేశాడు. ఈసారి కొత్తగా గీయకుండా తండ్రి గీసిన పేజీలనే పత్రికలకు ఇద్దామనుకున్నాడు. కానీ 1905 నాటి పత్రిక పేజీ చాలా పెద్దది. కొత్త పత్రికల కొలతకు అవి పట్టవు. కొలతకు తగ్గించాలి. అసలు పేజీలను గడులుగా కోసి, మార్చి అతికించారు. పొడవాటి మేడ గడి సగమైంది. పేజీ అంతా ఒకే కలగా కట్టిన మెకే అల్లిక తెగిపోయింది. ఆ పేజీల్లో ఉన్నది రాబర్ట్ చిన్ననాటి ముఖమే. అదీ నడవలేదు. రాబర్ట్ 1962లో చనిపోయాడు.

అతన్ని నిందించే నోరు నాకు లేదు. తండ్రి ప్రపంచానికి గుర్తుండాలన్న ఆరాటం, బతుకు గడవాలన్న అవసరం, రెండూ కలిస్తే మనిషి ఏం చేస్తాడో అదే చేశాడు.

ఆ కత్తిరింపు ఇక్కడా జరిగింది. టూరింగ్ టాకీసు డేరా ఊరి బయట వెలిసినప్పుడు బొమ్మలాట తెర ముందు జనం పల్చబడ్డారు. ఆముదం దీపం పోయి పెట్రోమాక్సు వచ్చింది, తర్వాత కరెంటు బల్బు. ఆ కదలని వెలుగులో బొమ్మల ఊపిరి సగం పోయింది. రాత్రంతా ఆడే ఆట రెండు గంటలకు, ఆపైన ప్రభుత్వ ప్రచారాల కోసం పది పదిహేను నిమిషాలకు కుంచించుకుపోయింది. పాత బొమ్మలు సేకరించేవాళ్ల చేతుల్లో పడి ఊళ్లు దాటాయి, దేశాలు దాటాయి. రాముడి బొమ్మనూ రావణుడి బొమ్మనూ ఒకచోట పెట్టకుండా, పెట్టెలో వేరువేరుగా సర్దిన కుటుంబాలవి. అరిగిపోయిన బొమ్మను చచ్చిన మనిషికి చేసినట్టు ఏట్లో కలిపిన కుటుంబాలవి.

ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ చేతులున్నాయి. 2008లో ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ఇచ్చారు. ఊరి ఇళ్ల ముందు చర్మాలు ఆరుతుంటాయి, ఉలి చప్పుడు వినిపిస్తుంటుంది. అయితే చాలావరకు అక్కడ తయారయ్యేది దీపాల తొడుగులు, గోడకు వేలాడదీసే పటాలు, తలుపు తెరలు. అదే చర్మం, అవే రంగులు, అవే రంధ్రాలు. కానీ తొడుగు మీది హనుమంతుడికి మోచేతి దగ్గర కీలుండదు. అక్కర్లేదు కాబట్టి పెట్టరు. అమ్ముడుపోయేది అదే, పిల్లల చదువులు దాంతోనే సాగాయి. ఆ అమ్మకం లేకపోతే ఉలి పట్టేవాళ్లు కూడా ఉండేవాళ్లు కాదు. కాబట్టి అదీ తప్పనడానికి లేదు.

నెమోకు ఇంకో పతనం కూడా రాసిపెట్టి ఉంది. యుటాకా ఫుజియోకా అనే జపాన్ నిర్మాత 1970ల చివర్లో నెమో హక్కులు తీసుకుని, పూర్తి నిడివి సినిమా కోసం పదేళ్లకు పైగా కష్టపడ్డాడు. మియజాకి, తకహాత వంటి జపాన్ యానిమేషన్ దర్శకులు వచ్చి ఇమడలేక వెళ్లిపోయారు. 1989లో జపాన్‌లో, 1992లో అమెరికాలో విడుదలైంది. డబ్బు రాలేదు.

అయినా అన్నీ పోలేదు. 1966లో వుడీ గెల్మన్ అనే కార్టూనిస్టుకు, రాబర్ట్ ఒకప్పుడు పనిచేసిన స్టూడియోలో కొన్ని అసలు నెమో పేజీలు దొరికాయి. తర్వాత వాటిలో చాలావాటిని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శించారు. సినిమా డబ్బాలు మాత్రం బట్టల వ్యాపారి మెండెల్సన్ దగ్గర ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. నైట్రేట్ ఫిల్ము దానంతటదే కుళ్లి పొడి అయిపోతుంది, కొన్ని రీళ్లు అట్లాగే పోయాయి. మిగిలినవి 1967లో మాంట్రియల్‌లో జరిగిన యానిమేషన్ ప్రదర్శన పుణ్యమా అని అక్కడి ఫిల్ము భాండాగారానికి చేరాయి. అందువల్లనే ఈరోజు నెమో ఆ పచ్చటి డ్రాగన్ నోట్లో కూర్చుని వెళ్లడం మనం చూడగలుగుతున్నాం. 2009లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో దాన్ని చేర్చారు. నాలుగు వేల కాగితాల్లో చాలావరకు లేవు.

మన బొమ్మలాటకు ఆ డబ్బా కూడా లేదు. విడి ముక్కలు, పది నిమిషాల వీడియోలు ఉన్నాయి. పొద్దుగూకి తెర కట్టిన దగ్గర నుంచి కోడి కూసేదాకా, ఆముదం దీపాల వెలుగులో, పాటా వచనమూ కేతిగాడి హాస్యమూ సహా, సుందరకాండ ఒక రాత్రి, విరాటపర్వం ఒక రాత్రి ఆడించి, మొత్తం చిత్రీకరించి భద్రపరచాలి. ఆట జరగడానికి ఓర్వకల్లు రాతివనం ఉంది. రూపాయి రూపాయి పొదుపు చేసి పిల్లల కోసం బాలభారతి బడి నడుపుతున్న మహిళా సంఘాలు ఈ ఊళ్లోనే ఉన్నాయి, ముందు వరుసలో చాప మీద కూర్చోవడానికి పిల్లలకు కొదవ లేదు. ఖర్చు ఒక చిన్న సభకు అయ్యేంత. పర్యాటక శాఖ పెట్టుకోగలదు, విశ్వవిద్యాలయాలు పెట్టుకోగలవు, పది గ్రామాలు కలిసినా పెట్టుకోగలవు. రాత్రంతా ద్విపద పాడగలిగే పెద్దవాళ్లు ఇప్పుడు కొద్దిమందే, అందరూ వయసు మీద పడినవాళ్లే. ఈ ఏడు పంటలు ఇంటికి రాగానే ఆ పని మొదలుపెట్టాలి.